కొట్టివేతలతో సహా: చెన్నైలో ఒక చిన్న కవితా పత్రికను మొదలుపెట్టడం ఎలా

కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో అల్లసాని పెద్దన పేరిట ప్రచారంలో ఉన్న ఒక చాటుపద్యం పద్దు వేసి చెబుతుంది. “నిరుపహతి స్థలంబు” అని మొదలయ్యే ఆ పద్యంలో అలజడి లేని చోటు, కప్పుర విడెం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాల మంచం, తప్పొప్పులు ఎంచగల రసజ్ఞులు వచ్చాక, చిట్టచివర “ఊహ దెలియంగల లేఖక పాఠకోత్తముల్” కనిపిస్తారు. కవి ఎలా రాస్తాడో చూపించే పత్రిక పెట్టాలనుకునే మీకు ఆ పద్దులో పనికొచ్చేది ఈ చివరి మాటే. కవి ఊహను పసిగట్టి, దాన్ని చెరపకుండా ఎత్తి రాసే లేఖకుడి పని ఇప్పుడు సంపాదకుడి మీద పడింది. విడెం, ఉయ్యాల మంచం సంగతి కవులే చూసుకుంటారు.

మొదలుపెట్టే ముందు మీరు ఎలాంటి కథ చెప్పదలచుకున్నారో తేల్చుకోవాలి, ఎందుకంటే కవితా రచన గురించి మనవాళ్లు చెప్పుకొనే కథలు రెండు రకాలు. “అల వైకుంఠపురంబులో” పద్యం ముందుకు సాగక పోతన బయటికి వెళ్తే, స్వామే ఆయన రూపంలో వచ్చి దాన్ని పూర్తి చేశాడన్నది ఒకటి. తిక్కన చెబుతుండగా గురునాథుడనే లేఖకుడు భారతం రాస్తున్నాడనీ, ఒకచోట పద్యం నడక తెగి తిక్కన “ఏమి సెప్పుదుం గురునాథ” అని అతణ్ణే అడిగేశాడనీ, ద్రుతం (మాట చివరి నకారం) తరవాతి కకారం గకారమయ్యే సంధి పుణ్యమా అని ఆ మాటే ధృతరాష్ట్రుణ్ణి “కురునాథ” అని పిలిచే పిలుపుగా పద్యంలో అతికిపోయిందనీ చెప్పేది రెండోది. రెండూ జనం కట్టిన కథలే కావచ్చు. కానీ మొదటి కథ విన్నవాడికి దండం పెట్టడం తప్ప పని లేదు, రెండో కథ విన్నవాడు వెంటనే పద్యం తెరిచి ఆ తడబాటు ఎక్కడుందో వెతుక్కుంటాడు. మీ పత్రిక ఈ రెండో తరహాది కావాలి.

నియమం, పరిమాణం

పత్రిక ఏం వేస్తుందో ఒకే వాక్యంలో రాసి గోడకు అంటించండి. మైలాపూరులో మేం ముగ్గురు మిత్రులం కలిసి తెచ్చిన పత్రికకు “చిత్తుప్రతి చూపలేని కవితను అచ్చు వేయము” అన్నది నియమం. ఇది చెప్పినంత తేలిక కాదు. రెండో సంచికకు వచ్చిన కవితల్లో అన్నింటికన్నా బాగున్నదానికి చిత్తుప్రతి లేకపోవడంతో దాన్ని వెనక్కి పంపవలసి వచ్చింది, ఆ కవి ఏడాదిపాటు మాతో సరిగా మాట్లాడలేదు. అయినా ఆ ఒక్క నియమం సడలిస్తే మీది కూడా మరో కవితల సంచిక అవుతుంది, అలాంటివి తెలుగులో కావలసినన్ని ఉన్నాయి.

సంచికకు నలుగురు కవులు, కవికి ఒక్క కవిత చాలు. డెమ్మీ 1/8 సైజులో 64 పేజీలు అనుకోండి, 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలు) సరిగ్గా 4 అవుతాయి. కవికి 12 పేజీలు కేటాయించవచ్చు: పూర్తయిన కవితకు 2, చిత్తుప్రతులకూ వాటి ఎత్తిరాతకూ 6, సంభాషణకు 4. అప్పుడు మిగిలే 16 పేజీల్లో సంపాదకుడి మాట, పాఠకుల ఉత్తరాలు, కింద చెప్పబోయే ఒక శీర్షిక ఇముడుతాయి. ఏడాదికి 2 సంచికలు తెస్తే చాలు. చిత్తుప్రతుల పని నెలనెలా తెమిలేది కాదు.

ఊరి గురించి ఒక మాట. “భారతి” మాసపత్రిక 1924లో మొదలైంది ఈ మద్రాసులోనే. తమిళంలో సి.సు. చెల్లప్ప 1959లో “ఎళుత్తు” అనే చిన్న పత్రికను మొదలుపెట్టి కొత్త కవిత్వానికి చోటిచ్చింది కూడా ఇక్కడే. కాబట్టి తక్కువ కాపీలతో, పెద్ద పట్టుదలతో నడిచే పత్రిక అంటే ఈ ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. తెలుగు చదివేవాళ్లను వెతికి పట్టుకోవడమే ఇక్కడి కష్టం.

చిత్తుప్రతుల్ని సంపాదించడం

మీ సమయంలో సగానికి పైగా దీనికే పోతుంది, పోవాలి కూడా. కవిని “మీ సృజన ప్రక్రియ గురించి ఒక వ్యాసం రాయండి” అని ఎన్నడూ అడగకండి. అడిగితే బాల్యం, పల్లె, అమ్మమ్మ, వాన అన్నీ కలిసిన ఒక ప్రసంగం వస్తుంది, అందులో మీకు కావలసిన కవిత తప్ప అన్నీ ఉంటాయి. దానికి బదులు “ఈ కవిత రాసిన నోటుబుక్కు ఒకసారి చూడవచ్చా?” అని అడగండి. నూటికి తొంభైమంది మొదట సిగ్గుపడతారు. చిత్తుప్రతి చూపించడం అంటే ఇల్లు సర్దకముందే చుట్టాలు రావడం లాంటిది. అందుకే మొదటి సంచికలో సంపాదకులే తమ చిత్తుప్రతుల్ని వేసుకోవాలని నా అభిప్రాయం. మీ కొట్టివేతలు చూశాక ఎదుటివాళ్లకు బెరుకు తగ్గుతుంది.

అసలు కాగితాల్ని ఎప్పుడూ వెంట తీసుకుపోకండి. కవి ఇంటికే వెళ్లి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర, కవి పక్కన ఉండగానే స్కాన్ చేసుకోండి. పలచటి కాగితమైతే వెనకవైపు రాత ముందుకు కనబడుతుంది, కింద ఒక నల్ల కాగితం పెడితే ఆ బెడద చాలావరకు పోతుంది. సిరా రాతకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) సరిపోతుంది, పెన్సిల్ రాతకు 600 పెట్టుకోండి. కాగితం వెనకవైపు కూడా తప్పక స్కాన్ చేయండి, ఎందుకంటే కవి ఏ బిల్లు మీద, ఏ శుభలేఖ వెనక రాశాడన్నది కూడా కథలో భాగమే. అయితే అచ్చుకు వెళ్లేటప్పుడు ఆ బిల్లు మీది పేర్లు, నంబర్లు కప్పేయడం మరిచిపోకండి. ప్రతి కాగితానికీ అక్కడికక్కడే వరుస సంఖ్య వేసి, ఏది ముందుదో ఏది తరవాతిదో కవి చేతనే చెప్పించండి. ఇంటికి వచ్చాక ఊహించి వరుస పెడితే తప్పకుండా పొరబడతారు.

ఫోనులో రాసే కవులతో చిక్కు వేరు. నోట్స్‌లో రాస్తే కొత్త మాట పాత మాటను మింగేస్తుంది, ఏమీ మిగలదు. తనకు తానే వాట్సాప్‌లో పంపుకొనే అలవాటున్న కవి దొరికితే మీ అదృష్టం, తేదీ, వేళతో సహా వరుసగా దొరుకుతాయి. గూగుల్ డాక్స్‌లో రాసేవారి పాత రూపాలు దాని వెర్షన్ హిస్టరీలో ఉంటాయి. మిగిలినవారిని మాత్రం మూడు నెలల ముందే “మార్చే ప్రతిసారీ పాతదాన్ని కాపీ తీసి పెట్టండి” అని కోరవలసిందే. దీనిలో ఒక ప్రమాదం ఉంది. ఎవరో చూస్తారని తెలిసి రాసిన చిత్తుప్రతిలో కొట్టివేతలు కూడా అందంగా ఉంటాయి. అందుకని నలుగురిలో కనీసం ఇద్దరి కవితలు పాతవి, అనుకోకుండా చిత్తుప్రతి మిగిలినవి అయ్యేలా చూసుకోండి. ఉగాది కవిసమ్మేళనం కోసం ముందు రాత్రి కూర్చుని రాసిన కవితల జోలికి మాత్రం పోకండి, వాటికి చిత్తుప్రతులు ఉండవు, ఉన్నవే చిత్తుప్రతులు.

పద్యం రాసేవారు చాలామంది నోటితోనే కట్టుకుంటారు, కాగితం మీదికి వచ్చేసరికి అది శుద్ధప్రతే. వారి దగ్గర యతిప్రాసల్ని పట్టుకుని వెళ్లండి. “ఈ పాదంలో యతిస్థానంలో మొదట ఏ మాట పడింది? ప్రాసాక్షరం మొదటినుంచీ ఇదేనా?” అని అడిగితే వదిలేసిన మాటలు నాలుగైదు బయటికి వస్తాయి, వాటిని రికార్డు చేసుకుని ఎత్తి రాయండి. ఛందస్సు పెట్టిన ఇబ్బంది వల్ల ఏ అర్థం మారిందో చూపించగలిగితే, వచన కవితల చిత్తుప్రతులకన్నా అది ఆసక్తిగా ఉంటుంది.

ఇక ఈ ఊరికే ప్రత్యేకమైన చిత్తుప్రతి ఒకటుంది. తరాలుగా తమిళనాట ఉన్న తెలుగు ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, తమిళంలో రాస్తారు. అలాంటి ఇంటి కవయిత్రి ఒకరు తన తెలుగు కవితల్ని మొదట తమిళ లిపిలో రాసుకుని, తరవాత కూడబలుక్కుంటూ తెలుగు లిపిలోకి మార్చేవారు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కాబట్టి “గాలి” అని రాసినా “కాలి” అని రాసినా కంటికి ఒకేలా ఉంటాయి. ఆర్నెల్ల తరవాత నోటుబుక్కు తెరిచి, తాను “గాలి మువ్వ” అనుకుని రాసినదాన్ని ఆమె “కాలి మువ్వ” అని చదువుకుని, ఆ రెండో చదువునే కవితలో ఉంచేశారు. ఇలాంటి పేజీ దొరికితే తమిళ లిపిలో ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయండి, “సరిచేసి” వేయకండి.

ఏం అడగాలి

కవితకు అర్థం అడగకండి, జరిగింది అడగండి. మొదట వచ్చిన పాదం ఏది, అది ఇప్పుడు కవితలో ఎక్కడుంది? ఏ పాదం కోసం అన్నింటికన్నా ఎక్కువ రోజులు పట్టింది? కొట్టేసిన తరవాత మళ్లీ వెనక్కి వచ్చిన మాట ఏదైనా ఉందా? మొదట ఎవరికి చదివి వినిపించారు, వారు ఏమన్నారు? ఏ మాట కోసం నిఘంటువు తెరిచారు? ఇక చాలు అని ఎందుకు ఆపేశారు? మా అనుభవంలో ఈ ఆరు ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ వట్టిపోలేదు. “మీకు ప్రేరణ ఎవరు?” అన్నది మాత్రం ఒక్కసారీ పనికిరాలేదు.

సంభాషణ సమయంలో స్కాన్ చేసిన పేజీలు ఇద్దరి ముందూ ఉండాలి. జ్ఞాపకం దయగలది, పడిన పాట్లన్నీ మరిపించి “ఒక్క ఊపులో వచ్చేసింది” అనిపిస్తుంది. కాగితం మీద నాలుగు రంగుల సిరాలు కనిపిస్తున్నప్పుడు మాత్రం ఆ మాట అనడం కవికీ కష్టమే. కవి చెప్పేదీ కాగితం చెప్పేదీ కలవకపోతే రెండింటినీ పక్కపక్కనే ఉంచండి, తీర్పు చెప్పకండి.

చదివి వినిపించుకున్న స్నేహితుడి సంగతి ప్రత్యేకంగా ఆరా తీయండి. టి.ఎస్. ఎలియట్ “ది వేస్ట్ లాండ్” చిత్తుప్రతులు 1971లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఎజ్రా పౌండ్ ఆ కవితలో ఎంత భాగాన్ని కొట్టేశాడో లోకం కళ్లారా చూసింది. మన కవుల వెనక కూడా అలాంటి చేతులు ఉంటాయి, వాటి పేరు సాధారణంగా బయటికి రాదు.

పేజీ మీద ఎలా చూపాలి

పూర్తయిన కవితను ముందు వేయండి, ఏ వివరణా లేకుండా, ఒంటరిగా. పాఠకుడు దాన్ని కవితగా చదివే హక్కును చిత్తుప్రతులు లాక్కోకూడదు. ఆ తరవాత ఎడమ పేజీలో చిత్తుప్రతి చిత్రం, కుడి పేజీలో దాని ఎత్తిరాత ఎదురెదురుగా రావాలి. ఎత్తిరాతకు కొన్ని గుర్తులు ఖాయం చేసుకోండి: కొట్టేసిన మాట మీద అడ్డగీత, పంక్తుల మధ్య ఇరికించిన మాటకు వాలు అక్షరాలు, చదవలేకపోయిన మాటకు మూడు చుక్కలు. ఇంతకన్నా ఎక్కువ గుర్తులు పెడితే పరిశోధన పత్రంలా కనబడి పాఠకుడు పారిపోతాడు. అక్షరదోషాలు కూడా ఎత్తిరాతలో అలాగే ఉండాలి.

ఉదాహరణకు, ఎవరినీ నొప్పించకుండా ఉండేందుకు, నా సొంత కవితలోని రెండు పాదాలే తీసుకుంటాను. మొదటి ప్రతిలో అవి ఇలా ఉన్నాయి:

అమ్మ మాట్లాడే తెలుగులో
తమిళం తెలియకుండానే కలిసిపోయింది

రెండో ప్రతి:

అమ్మ తెలుగులో తమిళం
పాలలో నీళ్లలా కలిసింది

అచ్చయిన రూపం:

అమ్మ ‘పరవాలేదు’ అంది
ఇంటి ఓనరుకు అది తమిళంలో వినిపించింది

దీని పక్కన వేయవలసిన మాట ఎంతుండాలి? “రెండు భాషల సంగమాన్ని కవి ఇక్కడ ప్రతీకాత్మకంగా” అని మొదలయ్యే వాక్యాలు అక్కర్లేదు. మేం వేసుకున్నది ఇంతే: “రెండో ప్రతిలోని పాలూ నీళ్లూ ఎవరైనా రాయగలిగినవే కాబట్టి రెండు గీతలతో కొట్టేశాను. నాలుగు రోజుల తరవాత ఇంటి ఓనరు అద్దె కోసం వచ్చినప్పుడు అమ్మ అన్న మాట విన్నాను. కలవడం గురించి చెప్పడం మానేసి, కలిసిన మాటనే పెట్టాను.” ఏ పరిస్థితిలో ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో చెప్పాక అక్కడే ఆగిపోవాలి.

అన్ని చిత్తుప్రతులూ వేయనక్కర్లేదు. పదకొండు ప్రతులున్న కవితకు కూడా మలుపు తిరిగినవి రెండో మూడో ఉంటాయి, మిగిలినవాటిని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు.

చిత్తుప్రతి మిగలని పాత కవుల కోసం మేం “రెండు ముద్రణల మధ్య” అనే శీర్షిక నడిపాం. ఒకే రచన రెండుసార్లు వేరువేరుగా అచ్చయి ఉంటే ఆ తేడాలే ప్రక్రియను చెబుతాయి. కవిత కాకపోయినా, ఈ పని నేర్చుకోవడానికి గురజాడ “కన్యాశుల్కం” మంచి బడి. 1897 నాటి మొదటి కూర్పునూ, బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పునూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క సన్నివేశం పోల్చి చూడండి. కవితల్లో అయితే మొదట పత్రికలో వచ్చిన పాఠాన్ని తరవాత సంపుటిలో చేరిన పాఠంతో పోల్చాలి.

అక్షరాలు, అచ్చు

చెన్నైలో డీటీపీ చేసేవారిలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. కాబట్టి పేజీలు మీరే కట్టుకుని, ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌ను ప్రెస్సుకు ఇవ్వడం ఉత్తమం. మండలి, సూరన్న, గురజాడ వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు కవితలకు సరిపోతాయి. యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్లలో ఉన్న మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు మాత్రం వత్తులు ఒకటి రెండు చోట్ల తప్పకుండా పోతాయి, అక్షరమక్షరం సరిచూసుకోవాలి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తే అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకోండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. లిబ్రె ఆఫీస్‌తో కూడా పని జరుగుతుంది. వత్తులకూ గుడులకూ చోటు కావాలి కాబట్టి 12 పాయింట్ల అక్షరానికి పంక్తుల మధ్య 17 లేదా 18 పాయింట్లు ఇవ్వండి.

చిత్తుప్రతుల చిత్రాల విషయంలో మేం తిన్న దెబ్బ చెబుతాను. మొదటి సంచిక ప్రూఫు వచ్చినప్పుడు పేజీలు అద్దంలా మెరిసిపోతున్నాయి. ఒక్క కొట్టివేత లేదు, అంచున రాసుకున్న లెక్కలు లేవు, టీ మరక లేదు. స్కాన్‌లో “మురికి” ఉందని ఆపరేటరు రాత్రంతా కూర్చుని ఓపికగా తుడిచేశాడు. ఆయన శ్రద్ధను ఎలా తప్పుపట్టాలో తెలియక, మూడు కాఫీలు తాగి, మళ్లీ మొదటినుంచి చేశాం. అప్పటినుంచీ ప్రతి చిత్రం ఫైలు పేరులోనే “తుడవవద్దు” అని తమిళంలో రాసి పంపుతున్నాం. రవీంద్రనాథ్ ఠాగూరు 1924లో “పూరబి” కవితలు రాస్తూ కొట్టివేతల్నే కలిపి బొమ్మలుగా మలిచిన పేజీల్ని ఆ ఆపరేటరుకు చూపించాక గానీ మా గోడు పూర్తిగా అర్థం కాలేదు.

నలుపు ఒక్కటే వాడితే పెన్సిలూ, నీలం సిరా, ఎర్ర సిరా ఒకటైపోతాయి. కలర్ పేజీలన్నీ ఒకే ఫారంలో పడేలా సర్దుకుంటే ఖర్చు తగ్గుతుంది. అదీ కుదరకపోతే “రెండో పంక్తి ఎర్ర సిరా, మరోనాటిది” అని చిత్రం కింద మాటల్లో చెప్పండి. 300 లోపు కాపీలకు సాధారణంగా డిజిటల్ ప్రింటింగే చవక, అంతకు మించితే ఆఫ్‌సెట్ రేటు కనుక్కోండి. ట్రిప్లికేను, రాయపేట సందుల్లో చిన్న ప్రెస్సులు బోలెడు. కాగితం మీరే కొనదలిస్తే ప్యారిస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్లండి. నవంబరు నుంచి సంక్రాంతి దాకా మాత్రం ఆ పని పెట్టుకోకండి. పొంగల్ రోజుల్లో జరిగే పుస్తక ప్రదర్శన కోసం ప్రెస్సులన్నీ ఊపిరి సలపకుండా ఉంటాయి, ఈశాన్య రుతుపవనాల వానలకు కాగితం చెమ్మ పట్టి వంకర్లు పోతుంది. జూలై, ఆగస్టు నెలలు మేలు.

అనుమతులు, నమోదు

చిత్తుప్రతి కూడా రచనే, దాని హక్కు కవిదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు కవి జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి గతించిన కవి నోటుబుక్కు ఇంట్లోవారు చూపినా, వారసులెవరో తెలుసుకుని అనుమతి తీసుకోవాలి. అనుమతి నోటిమాటగా కాకుండా సంతకంతో కాగితం మీద ఉండాలి: ఏ కవిత, ఎన్ని పేజీలు, ఏ సంచిక, అచ్చులోనేనా లేక ఆడియో కూడానా అన్నది స్పష్టంగా రాయండి. హక్కులు మీ పేర బదిలీ చేయించుకోకండి, ఒక్కసారి ప్రచురించే అనుమతి చాలు. చిత్తుప్రతి అంచున స్నేహితుడు రాసిన వ్యాఖ్య ఆ స్నేహితుడిది, అతణ్ణీ అడగాలి. కొట్టేసిన పంక్తుల్లో ఎవరి పేరైనా ఉంటే, ఆ పేరు ఎందుకు కొట్టేశారో కవిని అడిగి తెలుసుకోండి, చెప్పడానికి తటపటాయిస్తే ఆ పేజీ వదిలేయండి. చివరి ప్రూఫు కవికి చూపించి తీరాలి, వద్దంటే ఆ క్షణాన కూడా ఆపాలి.

నమోదు విషయంలో 1867 నాటి చట్టం పోయి, 2023 నాటి పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే చేయాలి. మొదటి రెండేళ్లు ఒక్కో సంచికనూ ఒక్కో సంకలనంగా, విడి పుస్తకంగా ఐఎస్‌బీఎన్‌తో (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్యతో) తేవడం మాకు సుళువనిపించింది. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ సంఖ్యను ఉచితంగానే ఇస్తుంది. క్రమం తప్పకుండా నడపగలమన్న ధైర్యం వచ్చాక, తెలిసినవారిని అడిగి పత్రికగా నమోదు చేసుకోవచ్చు.

పాఠకుడి చేతికి

70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం, 250 జీఎస్‌ఎం అట్ట వాడితే 64 పేజీల సంచిక సుమారు 83 గ్రాములు తూగుతుంది, కవరుతో కలిపి 100 గ్రాముల లోపే ఉంటుంది. పోస్టు ఖర్చు లెక్క వేసుకుని చందా నిర్ణయించండి. నలుగురు కవులకూ చిన్న మొత్తమైనా పారితోషికం ఇవ్వండి. ప్రెస్సుకూ పోస్టుకూ డబ్బు ఇచ్చి, నోటుబుక్కు తెరిచి చూపినవారికి దండ వేసి పంపడం అన్యాయం.

తమిళనాట 2006 చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేశాక, చాలా తెలుగు ఇళ్లలో మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లలు పెరిగారు. వారికోసం కవితను ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేయమని సలహాలు వస్తాయి, ఒప్పుకోకండి. ప్రతి కవిత కింద ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, కవి గొంతులో మొదటి ప్రతినీ చివరి ప్రతినీ వరుసగా వినిపించండి. ఆవిష్కరణ సభ కూడా ఇలాగే జరపవచ్చు. మైలాపూరులోని అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో తెలుగువారి సభలు జరుగుతుంటాయి కాబట్టి పాఠకులకు ఆ దారి తెలుసు. కవి ముందు చిత్తుప్రతి చదవాలి, తరవాత పూర్తయిన కవిత చదవాలి, ఆ తరవాత సభ ప్రశ్నలు అడగాలి. అధ్యక్షోపన్యాసం ఐదు నిమిషాలు దాటకూడదని ముందే, మర్యాదగా, కాగితం మీద రాసి ఇవ్వండి.

సంచిక వచ్చిన 30 రోజుల్లో, 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం కింద నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ నాలుగింటిలో ఒకటైన కన్నెమరా గ్రంథాలయం మన ఎగ్మూరులోనే ఉంది, నేరుగా వెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకోవచ్చు. అదే వారంలో ప్రతి కవికీ వారి పేజీల స్కాన్‌లన్నీ, అచ్చులో వేయనివి కూడా, ఒక పెన్‌డ్రైవులో వేసి ఇవ్వండి. ఫైలు పేరులో కవిత పేరు, ప్రతి సంఖ్య, తేదీ ఉండాలి. మా కవుల్లో ఒకరి ఇంట్లో చెదలు పట్టి అలమరలోని నోటుబుక్కులన్నీ పోయినప్పుడు, ఆయన కవిత ఆరు ప్రతులు మిగిలింది ఆ పెన్‌డ్రైవులోనే. ఏడో ప్రతి రాయడానికి ఆయన దాన్ని తెరిచారని తరవాత తెలిసింది.